తెరకు వీపు తిప్పిన మనిషి

మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తలో మా మామగారు చేసిన పని చూసి ఇరుగుపొరుగంతా పడీ పడీ నవ్వారు. అందరం బొమ్మకు ఎదురుగా చాప మీద కూర్చుంటే, ఆయన మాత్రం కుర్చీ తెచ్చుకుని టీవీ పక్కనే వేసుకుని, దానికి వీపు తిప్పి, మా మొహాల్లోకి చూస్తూ కూర్చున్నారు. "బొమ్మ అటుంది మామయ్యా" అన్నాను. "ఎటుందో నాకు తెలుసులే అమ్మాయ్, నువ్వు చూసుకో" అన్నారు. ఎలా చూసుకోమంటారు? ఎదురుగా ఒక పెద్దమనిషి రెప్ప వాల్చకుండా మన మొహమే చూస్తుంటే ఎవరికైనా బొమ్మ కనబడుతుందా? నాకు ఒళ్లు మండి వంటింట్లోకి పోయాను. కాసేపటికి ఆయనే కేకేశారు, "రా అమ్మాయ్, వాళ్లిద్దరూ రాజీ పడిపోయారు, ఇక పర్లేదు" అని. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మా పిల్లల మొహాలు చూసి కథ చెప్పేశారు.

ఇలాంటి మనిషి ఇంటికి కోడలిగా వచ్చాను నేను. వచ్చిన కొత్తలో నాకు ఆయనంటే నవ్వు కాదు, భయం. ఆ ఇల్లు మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి. చివరి గది మామయ్యది. దానికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి తెరుచుకునేది. పట్టపగలు కూడా ఆ గదిలోకి వెలుతురు దయతలచి రావాల్సిందే. ఒక మధ్యాహ్నం మా ఆయన పనికి పోయాడు, అత్తయ్య ముందు గదిలో నిద్రపోతోంది. నేను మధ్య గదిలో బట్టలు మడత పెడుతున్నాను. చివరి గదిలోంచి ఒక ఆడపిల్ల గొంతు వినబడింది. "అయ్యో, నా గొడుగు! ఆగండి, మిమ్మల్నే!" అంటోంది. తర్వాత కిలకిలా నవ్వింది. తర్వాత కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత అదే గొంతు, చాలా మెల్లగా, "ఏడవకు బంగారం, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను" అంది.

నా చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో నేను కాక ఇంకో ఆడపిల్ల లేదు. గుండె చిక్కబట్టుకుని వెళ్లి తలుపు సందులోంచి చూశాను. మామయ్య ఒక్కరే. గోడకు వీపు ఆనించి నిలబడి, ఖాళీ గదికేసి చూస్తున్నారు. అది మామూలు చూపు కాదు. ఆ గదిలో జనం కూర్చుని ఉంటే ఎలా చూస్తామో అలా, ఈ చివర నుంచి ఆ చివరికి, ఒక్కొక్కరినే పలకరిస్తున్నట్టు చూస్తున్నారు. ఇంతలో ఆ పెద్ద తెల్ల మీసాల కింద నోరు తెరుచుకుంది. మళ్లీ ఆ ఆడపిల్ల నవ్వు. నేను అక్కడి నుంచి ఎలా వచ్చి పడ్డానో నాకే తెలీదు.

సాయంత్రం మా ఆయనకు చెప్తే పగలబడి నవ్వాడు. "అదా! నాన్న పాత ఉద్యోగం. మూకీ సినిమాలకు మాటలు చెప్పేవాడు. ఆయన గొంతులో బోలెడుమంది ఉన్నారు, నీకింకా ఒక్కతే తగిలింది" అన్నాడు. అత్తయ్యయితే తేలిగ్గా కొట్టిపారేసింది. "ఆ పిల్లా? అది నా సవతి. నా పెళ్లినాటి నుంచీ ఉంది ఈ ఇంట్లో. అంట్లు తోమదు, ఇల్లు ఊడవదు. మధ్యాహ్నం పూట వచ్చి నవ్వి పోతుంది. అలవాటు చేసుకో" అంది. చెప్పినంత తేలిక కాదది. అత్తయ్య పోయేదాకా అలవాటు కాలేదు నాకు. పోయాక ఇంట్లో తోడుగా ఆ గొంతే మిగిలింది.

మామయ్య ఉద్యోగం గురించి చెప్పాలి. అప్పట్లో సినిమాకు మాట లేదు. బొమ్మ కదిలేది, నోళ్లు కదిలేవి, మధ్యమధ్య తెర మీద నాలుగు ముక్కలు రాసి చూపించేవాళ్లు. హాలుకొచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు ఎందరు? అందుకని తెర పక్కన ఒక చెక్క బల్ల వేసి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టేవాళ్లు. కథ చెప్పేది ఆయనే. రాజు గొంతు, దొంగ గొంతు, ముసలమ్మ దగ్గు, కుక్క మొరుగుడు, అన్నీ ఆయన నోట్లోంచే రావాలి. మైకులు లేవు. తెర వైపు తిరిగి మాట్లాడితే గొంతు ఆ గుడ్డలోకి పోయి చచ్చేది. అందుకే తెరకు వీపు తిప్పి, జనం వైపు మొహం పెట్టి నిలబడాలి. వెనక ఏ సీను నడుస్తోందో ఎలా తెలుస్తుంది? ఎదురుగా కింద హార్మోనియం వాయించే ఆయన కూర్చునేవాడు. ఆయన తెర చూస్తూ వాయించేవాడు. ఏ పాట వస్తే ఏ సీనో ఇద్దరికీ లెక్క ఉండేది. మామూలుగా అయితే కొత్త సినిమా రాగానే పొద్దున్నే వీళ్లిద్దరికీ ఒకసారి వేసి చూపించేవాళ్లు. అది చూసుకుని మాటలు కట్టుకునేవారు.

ఆ ఒక్క సినిమాకే అలా కుదరలేదు. దాని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, మా ఊళ్లో అందరూ గొడుగు సినిమా అనే అనేవారు. ఒక నవల నుంచి తీశారట. ఒక అమ్మాయి గొడుగు ఒక అబ్బాయి పొరపాటున పట్టుకుపోతాడు, అతని గొడుగు ఆమె దగ్గరుండిపోతుంది. మార్చుకుందామని ఒకరి కోసం ఒకరు ఊరంతా తిరుగుతారు. ఈమె వాళ్లింటికి వెళ్లేసరికి అతను వీళ్లింటికి వస్తాడు. అలా తిరిగి తిరిగి ప్రేమలో పడతారు. నవ్వు కథ. సినిమా రీళ్ల పెట్టె ఆలస్యంగా దిగింది, ఆట మొదలయ్యే వేళకు వచ్చింది. మామయ్యకు చూసే వ్యవధి లేదు. అయినా ఆయనకేం బెంగ లేదు, ఆ నవల అంతకుముందే తిరగా మరగా చదివేశారు. "కథ నాకు కంఠతా వచ్చు, నువ్వు పాట మార్చినప్పుడల్లా నేను పేజీ తిప్పుతా" అని హార్మోనియం ఆయనతో అని బల్లెక్కేశారు.

సినిమా తీసినవాళ్లు ఏం చేశారంటే, గొడుగు తీసేసి తోలుపెట్టె పెట్టారు. గొడుగు బొమ్మలో సరిగ్గా కనబడదనుకున్నారో ఏమో, వాళ్ల బాధలు వాళ్లవి. ఇక్కడ ఈయన తెరకు వీపు తిప్పి నవల చెప్పుకుపోతున్నారు. వెనక బొమ్మలో అబ్బాయి బండెడు బరువున్న పెట్టె భుజానేసుకుని ఆపసోపాలు పడుతుంటే, ఈయన "అబ్బ, ఎంత ముద్దుగా ఉంది గొడుగు! వానొస్తే బాగుండు, ఇద్దరం ఒక్క గొడుగు కిందే పోవచ్చు" అంటున్నారు. జనం బెంచీల మీంచి కింద పడ్డారట. నవ్వలేక డొక్కలు పట్టుకున్నారట. మామయ్యకేమో అంతా అయోమయం. నవల్లో అక్కడ నవ్వు లేదు. అయినా జనం నవ్వుతుంటే ఆపే పిచ్చివాడెవడు? ఇంకా రెచ్చిపోయారు. ఆ దెబ్బకు మా ఊళ్లో తోలుపెట్టెకు గొడుగు అనే పేరు స్థిరపడిపోయింది. ఊరెళ్లేవాళ్లను "గొడుగు సర్దుకున్నారా?" అని అడిగేవారు. నేను కాపరానికొచ్చేటప్పటికి కూడా కొందరు ముసలివాళ్లు అలా అనడం నా చెవులారా విన్నాను.

ఆట అయ్యాక సంగతి తెలిసి మామయ్య నాలుక్కరుచుకున్నారు. రేపు పొద్దున్నే వేయించి చూసుకుని, మాటలు సరిచేసుకుంటానన్నారు. హార్మోనియం ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "చంపేస్తా చూశావంటే. చూస్తే నీ నోటికి నిజం వస్తుంది. నిజానికి ఎవడు నవ్వుతాడు? నువ్వు ఆ గొడుగు పట్టుకునే ఉండు" అన్నాడు. హాలు యజమాని కూడా అదే మాట. అలా ఆ సినిమా ఆడినన్నాళ్లూ మామయ్య దాన్ని చూడలేదు. ఆఖరి ఆట అయ్యాక ఒక్కసారి తనొక్కడికీ వేయమని అడుగుదామనుకున్నారు. ఆ పాటికే పెట్టె ఇంకో ఊరి బండెక్కేసింది. పోనీలే, ఇంకెక్కడైనా చూడొచ్చు అనుకున్నారు. ఆ ఇంకెక్కడా రాలేదు. సినిమాలకు మాటలొచ్చాయి, ఈయన బల్ల దిగిపోయారు. ఆ సినిమా దాచిన గోదాము కాలిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. దేశంలో ఎక్కడా ఇంకో ప్రతి లేదట. నవల కూడా ఎక్కడా దొరకలేదు.

ఆ తర్వాత ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివే పనిలో చేరి, అందులోనే రిటైరయ్యారు. బుద్ధిగానే చేశారనుకోండి. ఒక్కసారి మాత్రం ఏమరుపాటున ఆఖరి బస్సును ఆ ఆడపిల్ల గొంతుతో పిలిచారట. జనమంతా మైకు గదికేసి పరిగెత్తారు, పైవాళ్లు పిలిచి చీవాట్లు పెట్టారు.

నేను ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "మధ్యాహ్నాలు ఎవరితో మాట్లాడతారు మామయ్యా?" అని. ఆయన దాచుకోలేదు. "జనంతో అమ్మాయ్. అందరూ సినిమా గుర్తు పెట్టుకున్నారు. నాకు సినిమా లేదుగా, నాకు వాళ్లే ఉన్నారు. తెర వెలుగు మొహాల మీద పడేది. చీకట్లో ఒట్టి మొహాలే, కింద ఒళ్లు కనబడేది కాదు. కళ్లు మూస్తే చాలు, వచ్చి కూర్చుంటారు. వచ్చినవాళ్లకు కథ చెప్పకుండా ఎలా పంపిస్తాం?" అన్నారు. "వాళ్లలో ఇప్పుడు సగం మంది బతికి లేరేమో కదా" అన్నాను నోరు జారి. "సగం ఏంటి, చాలామందే లేరు. అయినా వస్తారు" అన్నారాయన. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ గదిలోకి చీపురు పట్టుకుని వెళ్లాలంటే, గుమ్మంలో ఆగి దగ్గి వెళ్లేదాన్ని. ఎవరు కూర్చున్నారో ఏమో, మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా.

ఆఖరి సంవత్సరం ఆయనకు ఛాతీలో నెమ్ము చేరింది. డాక్టరు మాట్లాడడం తగ్గించమన్నాడు. ఈయనతో ఆ మాట అనడమూ ఒకటే, ఊపిరి మానెయ్యమనడమూ ఒకటే. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఒకావిడ. జుట్టు ముప్పాతిక తెల్లబడింది, చీర కుచ్చిళ్లు ఇస్త్రీ పెట్టినట్టున్నాయి, చేతిలో నల్ల సంచీ. "కథలు చెప్పే ఆయన ఇల్లు ఇదేనా అమ్మా? పాత హాలు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు" అంది. ఆయనకు ఒంట్లో బాగాలేదు, మాట్లాడకూడదు, ఇంకోసారి రండి అన్నాను. నాకు అప్పటికి వంట కూడా కాలేదు. ఆవిడ కదల్లేదు. "నేను నర్సునమ్మా, మొన్నమొన్ననే రిటైరయ్యాను, ఆయనను అలిసిపోనివ్వను. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను" అంది. లోపల్నుంచి మామయ్య "ఎవరూ?" అన్నారు. ఇక ఆపడం నా తరమా!

ఆవిడ వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. కూర్చుంటూనే ఆయన చెయ్యి అందుకుని నాడి చూసింది. ఉద్యోగం మానేసినా చెయ్యి మానలేదన్నమాట. తర్వాత చెప్పింది.

"మీరు గొడుగు సినిమాకు కథ చెప్పారటగా. అందులో ఆ అమ్మాయి వేషం వేసింది మా అమ్మ."

మామయ్య దిండు మీంచి లేచి కూర్చున్నారు. అంత గబుక్కున లేవడం నేను ఈ మధ్య చూడలేదు.

వాళ్ల నాన్న సినిమా కంపెనీలో బట్టలు కుట్టేవాడట. వేషాల కోసం కొలతలు తీయడంలో సాయానికి వెళ్లిన ఆయన భార్య నవ్వు ఎవరి కంటోనో పడింది, అలా ఆమె ఆ ఒక్క సినిమాలో వేసింది. సినిమా పూర్తయింది, అది బయటికి రాకముందే ఆమె జ్వరం వచ్చి చనిపోయింది. ఆయన మూడేళ్లో నాలుగేళ్లో ఉన్న పిల్లను తీసుకుని మా ఊళ్లో ఉన్న అక్క ఇంటికి వచ్చేశాడు. వెనకాలే సినిమా వచ్చింది.

"అమ్మ చచ్చిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు" అంది నర్సమ్మ. "రోజూ సాయంత్రం నాన్న నన్ను హాలుకు తీసుకొచ్చేవాడు. అదిగో అమ్మ, అనేవాడు. అమ్మ నవ్వేది, పరిగెత్తేది. చివర్లో రైలెక్కేది. ఎక్కి, కిటికీలోంచి నాకేసి చూసి, నాతో మాట్లాడేది. ఏడవకు బంగారం, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను, అనేది."

ఆ మాట నేను గోడ అవతల నుంచి ఎన్ని మధ్యాహ్నాలు విన్నానో! నోరు తెరవబోయి మామయ్య మొహం చూసి మూసుకున్నాను.

"నాకు ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. ఇంకేమీ గుర్తు లేదు, మొహం కూడా పోయింది, గొంతు మాత్రం ఉంది. ఎవరితో చెప్పినా నవ్వారు. మూకీ సినిమాలో మాటలెక్కడివే అన్నారు. మా పినతల్లి నలుగురిలో నన్ను వేళాకోళం చేసేది. మా ఆయన కూడా, పసితనంలో ఏదో కలగని ఉంటావు అన్నాడు. నాన్ననడిగితే అది మూగ బొమ్మ, మీ అమ్మ ఏమీ అనలేదు అనేవాడు. ఎప్పుడడిగినా అంతే, తల కూడా ఎత్తేవాడు కాదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, నేనేమీ అనలేదు. కానీ ఈ ఒక్క విషయంలో నేనాయన్ని క్షమించలేకపోయాను. పోయినేడు ఆయనా పోయాడు. ఇక అడగడానికి మీరొక్కరే మిగిలారు. ఆ సినిమా అంతా మీకు నోటికొచ్చటగా? మా అమ్మ ఆ మాట అందా, అనలేదా? అదొక్కటే చెప్పండి. నేను పిచ్చిదాన్ని కాదని తెలిస్తే చాలు."

మామయ్య మంచినీళ్లు కావాలన్నారు. ముంత మంచం పక్కనే ఉంది, నిండుగా ఉంది. అయినా "చల్లనివి కావాలి, నేనే వస్తా పద" అని నా భుజం పట్టుకుని వంటింట్లోకి నడిచారు. నేను గొంతు తగ్గించి బతిమాలాను. "అంది అని చెప్పెయ్యండి మామయ్యా. ఒక్క అబద్ధం. బొమ్మ చూడకుండా ఊరు ఊరంతటికీ చెప్పారు కదా, ఈవిడకొక్కదానికి చెప్పలేరా? సంతోషంగా ఇంటికి పోతుంది." "అప్పుడు చీకట్లో పసిపిల్లతో అన్నాను అమ్మాయ్. ఇప్పుడు వెలుతుర్లో ఇంత పెద్దమనిషి ఎదురుగా కూర్చుని అడుగుతోంది. అబద్ధం ఎలా చెప్పేది?" అన్నారు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పడానికి ఇన్నేళ్లు ఆగి ఇవాళే ముహూర్తం పెట్టుకోవాలా అనిపించింది.

తిరిగొచ్చి మంచం మీద కూర్చుని ఆయన మొదట అడిగింది నేను ఊహించనిది. "అక్కడ మీ అమ్మ పెదాలు కదిలాయా?"

"కదిలాయి. నాకు బాగా గుర్తు."

"నాకు తెలీదమ్మా. తెర నా వెనక ఉండేది. నేను ఆ సినిమా చూడలేదు. మీ అమ్మ ఏమందో నాకు తెలీదు, ఆమె మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు. నేను చూసింది నిన్ను. ముందు వరసలో మీ నాన్న ఒళ్లో కూర్చునేదానివి. హాలంతా నవ్వుతుంటే నువ్వొక్కదానివే, రైలు పాట మొదలవగానే గుక్కపట్టి ఏడ్చావు. నవ్వు సినిమాలో ఏడుపు వినబడితే ఆట పాడైపోతుంది. నాకేం తోచలేదు. సినిమాలో అమ్మాయికి పెట్టిన గొంతుతోనే నీకేసి చూసి ఆ మాట అన్నాను. నువ్వు ఏడుపు ఆపేశావు. నువ్వు విన్నది నిజమే తల్లీ. నువ్వు పిచ్చిదానివి కాదు. కానీ ఆ గొంతు నాది."

నర్సమ్మ ఆయన మీసాలకేసి, ఆయన నోటికేసి చూసింది. ఒకసారి నవ్వు లాంటిది నవ్వింది. తర్వాత లేచి నిలబడింది. "మీదా?" అంది. "మా అమ్మ గొంతు మీదా? నేను ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని అదే గొంతుతో మాట్లాడాలని చూసేదాన్ని. నా పిల్లల్ని ఆ గొంతుతోనే జోకొట్టాను. మీ ఆట పాడవకూడదని ఒక పసిదానికి తల్లి గొంతు అంటగట్టారా? మీకెవరిచ్చారండీ ఆ హక్కు?"

మామయ్య తల దించుకోలేదు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మొదటి రోజుకు నువ్వు ఎంత తిట్టినా పడతాను" అన్నారు. "రెండో రోజు నుంచీ అన్నది నా అంతట నేను కాదు."

ఆవిడ సంచీ అందుకోబోతూ ఆగింది.

"ఆ మొదటి రోజు ఆట అయిపోయాక జనం పోతున్నారు. మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని బల్ల దగ్గరికొచ్చాడు. నువ్వు నిద్రపోతున్నావు. ఇవాళ మా పిల్ల ఏడవకుండా పడుకుందండీ, రేపు కూడా ఆ మాట అంటారా, అని అడిగాడు. మర్నాడు హార్మోనియం ఆయన గొడవ పెట్టుకున్నాడు, కామెడీలో ఈ ఏడుపు మాట ఏంటి, తీసెయ్ అన్నాడు. మీ నాన్న ఆయన్నీ బతిమాలుకున్నాడు. సినిమా ఆడినన్నాళ్లూ రోజూ వచ్చి అడిగి వెళ్లేవాడు, నేను ఎక్కడ మర్చిపోతానో అని."

"నాన్నా?" అంది. ఆ పిలుపులో ఆవిడ వయసు లేదు.

"ఇంకో సంగతి. ఆ హాల్లో తెరకేసి చూడనివాళ్లం ఇద్దరమే. ఒకడిని నేను, ఇంకొకడు మీ నాన్న. ఒక్క రోజు కూడా తలెత్తి మీ అమ్మను చూడలేదు. చూడలేకపోయాడో ఏమో. నీ మొహమే చూస్తూ కూర్చునేవాడు. నేను ఆ మాట అనేటప్పుడు ఆయన పెదాలు కదిలేవి. బయటికి వినబడేది కాదు. నాతో పాటు ఆయనా అనేవాడు."

నర్సమ్మ మెల్లగా కుర్చీలో కూలబడింది. సినిమా వెళ్లిపోయాక తను ఏం చేసేదో అప్పుడు చెప్పింది, మాకు చెబుతున్నట్టు కాదు, తనకు తనే లెక్క అప్పజెప్పుకుంటున్నట్టు. అమ్మ వచ్చేస్తానంది కదా అని రోజంతా గుమ్మంలో కూర్చునేదట. అన్నానికి లేపినా లేచేది కాదట. వాన పడుతున్నా కదిలేది కాదట. ఒళ్లు కాలిపోతున్నా అక్కడే. అదిగో, ఆ రోజుల్లోనే మొదటిసారి వాళ్ల నాన్న, అమ్మ ఏమీ అనలేదు, అది మూగ బొమ్మ అన్నాడట. పిల్లను గుమ్మంలోంచి లేపడానికి ఆయనకు ఇంకో దారి కనబడలేదు. ఒకసారి అన్నాక ఇక ఆ మాట మీదే ఉండిపోయాడు.

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలెండమ్మా, ఆయన మనసు ఇప్పటికైనా తెలిసింది" అన్నాను. ఎంత పనికిమాలిన మాటో నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఆవిడ నా చెయ్యి తీసెయ్యలేదు. ఎదురుగా గోడకేసి చూస్తూ చెప్పింది.

"ఆఖరి రోజు మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. నేనే చూసుకున్నాను. ఇక గంటల్లో పోతాడని తెలుసు. అయినా వదల్లేదు. అమ్మ ఏమందో చెప్పి చావు నాన్నా, అన్నాను. ఆ మాటే అన్నాను. నాకేసి చూశాడు. పెదాలు కదిలాయి. గొంతు లేదు. ఊపిరాడక అల్లాడుతున్నాడు అనుకున్నాను, అలాంటివి రోజూ చూసేదాన్ని కదా. ఆక్సిజన్ మాస్కు తెచ్చి నేనే నోటి మీద పెట్టాను. లాగెయ్యబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను."